మూడోది మర్చిపోకండి

మా బావతో పనికి వెళ్లడమంటే రోడ్డు రోలరు వెనకాల స్కూటర్ నడపడమే. దాటిపోనివ్వడు, తను వేగం పెంచడు. నాకేమో ముక్కు మీద కోపం. ఆయనకు అరికాలి నుంచి నెత్తిదాకా వెతికినా కోపం దొరకదు. పన్నెండేళ్లు ఒకే బండి మీద తిరిగాం కానీ, ఒక్క రోజు కూడా ఇద్దరం ఒకే వేగంతో పని చేయలేదు.

ఆయన వైర్‌మ్యాన్. నేను ఏసీలు బిగించేవాణ్ణి. పెట్టెలు పైకెక్కించడం, రాగి గొట్టాలు వంచడం, గాలి వెళ్లే రేకు గొట్టాలు అతకడం నా పని. వాటికి కరెంటు ఇవ్వడం ఆయన పని. బజార్లో ఆయన అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు. ‘మూడుసార్ల మేస్త్రి’ అంటే మాత్రం ఇస్త్రీ బండి అతను కూడా ఇల్లు చూపిస్తాడు.

ఆ పేరుకి కారణం ఆయన టెస్ట్ ల్యాంపు. బల్బు హోల్డరుకి రెండు పొడవాటి వైర్లు, బల్బు పగలకుండా చుట్టూ ఒక తీగ గూడు, అంతే దాని భాగ్యం. ఏ వైరు ముట్టుకోవాలన్నా ముందు మెయిన్ బోర్డులో ఆ లైను మీట దించేస్తాడు. బోర్డు తలుపుకి తన సొంత తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుంటాడు. తరవాత, కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో ఆ ల్యాంపు పెట్టి చూస్తాడు. వెలగాలి. అప్పుడు పనిచేయబోయే చోట పెడతాడు. వెలగకూడదు. అయిపోయిందా అంటే కాలేదు. తిరిగొచ్చి మొదటి ప్లగ్గులోనే మళ్లీ పెడతాడు. మళ్లీ వెలగాలి. ఈ మూడూ అయితే తప్ప తను వైరు ముట్టుకోడు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు.

“మొదటిసారి వెలిగింది, రెండోసారి వెలగలేదు. ఇంక మూడోసారి ఎందుకు బావా, దాన్ని ముద్దు చెయ్యడానికా?” అనేవాణ్ణి.

“మధ్యలో అది చచ్చిపోయుంటే?”

“ముహూర్తం చూసుకుని సరిగ్గా నీ రెండో పరీక్షకి ముందే చస్తుందా?”

“నువ్వు ఎక్స్‌ప్రెస్సువిరా బావమరిదీ. నాది ప్యాసింజరు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది” అని నవ్వి, చేసేది మాత్రం చేసేవాడు.

బోర్డులకు తాళాలు రాకముందు ఆయన ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాడట. ఒకసారి సినిమా హాలు ఫ్యూజులు అలాగే ఇంటికి తెచ్చేశాడు. అక్కడ జనం చీకట్లో ఈలలు వేస్తుంటే, ఇక్కడ మా అక్క చొక్కా ఉతకబోతూ అవి బయటికి తీసింది. ఆ ముచ్చట చెప్పి అక్కని ఎన్నిసార్లు నవ్వించానో లెక్కలేదు.

అదే అక్క పొద్దున మేం బయల్దేరే వేళకి మాత్రం నవ్వేది కాదు. గుమ్మంలో నిలబడి ఆయనకు టిఫిన్ డబ్బా అందిస్తూ ఒకే మాట అనేది.

“మూడోది మర్చిపోకండి.”

“మర్చిపోను” అనేవాడు బావ. పన్నెండేళ్లూ ఆ మాట తప్పలేదు, ఆ జవాబూ తప్పలేదు. అది నాకు మొగుడూ పెళ్లాల చాదస్తంలా తోచేది. వినీవినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా నాన్న కూడా వైర్‌మ్యానే. నాకు పదేళ్లప్పుడు పనిలో కరెంటు కొట్టి పోయాడు. బావ అప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇరవై రెండేళ్ల మనిషి, ఆ రోజు పక్కనే ఉన్నాడు. నాకు తెలిసింది అంతవరకే. మా ఇంట్లో ఆ రోజు గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. రెండేళ్ల తరవాత ఆయన మా అక్కని చేసుకున్నాడు.

ఇక నా ముప్పై రెండో ఏట జరిగింది చెబుతాను.

రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి ఇల్లు. ఆవిడ భర్తకి గోడ మీంచి పడి మెడ దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. అలాంటివాళ్లకి ఒళ్లు చెమట పట్టడం మానేస్తుందట. చెమట పట్టకపోతే వేడి లోపలే ఉండిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మూడు నెలలు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపుతూ, గది చల్లగా ఉండి తీరాలని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అందుకని ఆవిడ ఇల్లంతటికీ కలిపి ఒకటే పెద్ద యంత్రం తెప్పించారు. కాగితం మీద దాని పేరు ఎయిర్ హ్యాండ్లర్. మా పనివాళ్ల నోట్లో అది గాలిపెట్టె. పడకగది బయట వసారా, ఆ వసారా మీద అటక, ఆ అటకలో గాలిపెట్టె. బయట ఎండ మండిపోతోంది. ఆయన్ని తీసుకొచ్చేది మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకి.

పెట్టె ఎక్కించడం ఆ రోజు మధ్యాహ్నానికే అయిపోయింది. బావ పెట్టె పక్కన అతికించిన రేకు మీద అంకెలు చదివి, ఆవిడ తమ్ముడు కొనుక్కొచ్చిన కేబుల్ చేత్తో నలిపి చూసి, పక్కన పడేశాడు.

“ఈ పెట్టె లాగే కరెంటు ఈ తీగ మొయ్యలేదు మేడం. గోడలో కూర్చుని నిమ్మళంగా కాలుతుంది. లావుది కావాలి.”

“మేస్త్రిగారూ, రేపు నాలుక్కి ఆయన వస్తున్నారు” అన్నారావిడ.

“వస్తున్నారు కాబట్టే చెబుతున్నాను.”

లావు కేబుల్ కోసం బావ బజారుకి వెళ్లాడు. వెళ్తూ నాతో, “నేను లేనప్పుడు కరెంటు జోలికి పోకు” అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేనేమన్నా పాలుతాగే పిల్లాణ్ణా? పెట్టెలో ఫ్యాను సరిగ్గా తిరుగుతోందో లేదో, అదురుతోందో లేదో చూసుకోవద్దా? తీరా రేపు అదిరితే మళ్లీ ఊడదీయడం ఎవరి పని? అటక గోడకి వసారా ప్లగ్గుల లైను తాలూకు చిన్న డబ్బా ఉంది. దాంట్లోంచి రెండు వైర్లు లాగి, గాలిపెట్టె లోపల వైర్లు బిగించే దిమ్మకి వెనక వైపు నుంచి తగిలించాను. ఫ్యాను రంగులరాట్నంలా తిరిగింది. సంతోషించి, ఫ్యానుకి వెళ్లే లోపలి ప్లగ్గు పీకి ఆపేశాను. ఇంతలో ఆవిడ కిటికీల సందులు చూడమని పిలిచారు. చూసేసరికి పొద్దుపోయింది. సామాను సర్దుకుని ఇంటికి వచ్చేశాను.

ఫ్యాను ఆగింది కానీ, కరెంటు మాత్రం పెట్టె గుమ్మం దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఆ ముక్క నాకు గుర్తే లేదు. మర్నాడు పొద్దున ఆ డబ్బా మీద నేనే గొట్టాలకు చుట్టే మెత్తని పరుపు కప్పేశాను. దాంతో అది ఎవరికీ కనపడకుండా పోయింది.

లావు కేబుల్ ఆ సాయంత్రం బజార్లో దొరక్క, మర్నాడు చేతికి వచ్చేసరికి పదకొండు దాటింది. బోర్డు నుంచి అటక దాకా లాగి, గోడకి బిగించి, పెట్టె పక్కన ఒక ఆపే స్విచ్చు పెట్టేసరికి మూడు కొట్టింది. కొత్త లైను మీట దించి ఉంది, బోర్డుకి తాళం ఉంది, తాళంచెవి బావ జేబులో ఉంది. ఇక దిమ్మకి మూడు వైర్లు బిగించడమే తరువాయి. పావుగంట పని. ఆవిడ వసారాలో ఇటూ అటూ తిరుగుతున్నారు. ఇద్దరు మనుషులు ఆస్పత్రి మంచం లోపలికి ఈడుస్తున్నారు. మంచం ఇనపకాళ్ల మోతకి ఇల్లు ఇల్లంతా గీపెడుతోంది.

బావ నిచ్చెన దగ్గర ప్లగ్గులో ల్యాంపు పెట్టాడు. వెలిగింది. నా చేతికిచ్చి, “పద, వెనకే వస్తున్నా” అన్నాడు.

ఒక చేత్తో ల్యాంపు పట్టుకుని, భుజాన సంచీతో గబగబా ఎక్కాను. ఎక్కుతుంటే ల్యాంపు గూడు నిచ్చెన మెట్టుకి తగిలింది. లోపల ‘టిక్’మని చిన్న చప్పుడు వినపడింది. చూశాను, గాజు పగల్లేదు. ఇప్పుడు ఈ మాట చెబితే, మళ్లీ దిగి బల్బు మార్చి మళ్లీ మొదటి స్టేషన్ నుంచి బయల్దేరతాడు ఈ ప్యాసింజరు. నేను నోరు మెదపలేదు.

అటకలో ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. పొయ్యిలో కూర్చున్నట్టుంది. బావ ల్యాంపు వైర్లు దిమ్మ మీద పెట్టాడు. వెలగలేదు. ఒక కొస పక్కనే పోతున్న ఇనప నీళ్ల గొట్టానికి ఆనించి, రెండో కొసతో ఒక్కొక్క మరా ముట్టి చూశాడు. వెలగలేదు.

“సరే. మూడోది చూసొస్తా. చెయ్యి పెట్టకు” అని ల్యాంపు తీసుకుని నిచ్చెన వైపు తిరిగాడు.

కింద నుంచి ఆవిడ గొంతు వినిపించింది. “బాబూ, అంబులెన్సు బయల్దేరిందట. అరగంటలో వచ్చేస్తారు. కాస్త త్వరగా కానివ్వండి నాయనా.”

ఆ గొంతులో వణుకు నన్ను నిలవనివ్వలేదు. అక్కడ మంచాన పడ్డ మనిషి వస్తున్నాడు. ఇక్కడ ఈయన ఆరిన బల్బుని ఊరేగిస్తున్నాడు. నిదానమే ప్రధానం అని ఆయన అంటే, ఆలస్యం అమృతం విషం అని నేనంటాను. రెండూ పెద్దవాళ్లు చెప్పినవే. మర వదులు చేసి పెడితే, ఈయన వచ్చేసరికి సగం పని అయిపోతుంది కదా అనుకున్నాను. ఎడమ చెయ్యి ఊతానికి నీళ్ల గొట్టం మీద వేశాను. దిమ్మలో మర మీద దుమ్ము తుడవడానికి కుడిచేతి చూపుడువేలు చాపాను.

వేలికీ మరకీ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు ఉందేమో. కటింగ్ ప్లేయర్ వచ్చి నా వేలి మీద పడింది.

ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది. కళ్లు బైర్లు కమ్మాయి. నిచ్చెన కొసన సగం కిందా సగం పైనా ఉండి బావ నన్ను చూస్తున్నాడు. విసిరి కొట్టింది ఆయనే.

“నీకు పిచ్చెక్కిందా బావా? ఆరిపోయిందిగా, నీ కళ్లతో నువ్వే చూశావుగా. నా చెయ్యి విరగ్గొడతావా? నా పనేం కావాలి?” నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన చాదస్తం గురించి, ఆయన మూడుసార్ల బతుకు గురించి, అనకూడని మాటలు కూడా అన్నాను. కింద మంచం మనుషులు ఈడవడం ఆపేసి పైకి చూస్తున్నారు. ఆవిడ తమ్ముడు, “ఇప్పుడీ కొట్లాటేంటయ్యా” అంటున్నాడు.

బావ నా చేతుల వైపే చూస్తున్నాడు. “రెండు చేతులూ ఒళ్లో పెట్టుకో” అని మాత్రం అన్నాడు. నేను పెట్టుకునేదాకా కదల్లేదు. పెట్టుకున్నాక కిందికి దిగాడు.

పైనుంచి చూస్తున్నాను. ఇందాక వెలిగిన ప్లగ్గు అదే. ఆయన ల్యాంపు అందులో పెట్టాడు.

వెలగలేదు.

తీసి మళ్లీ పెట్టాడు. వెలగలేదు. పక్కనున్న బల్ల మీద టేబుల్ ఫ్యాను అదే లైను మీద గిరగిరా తిరుగుతూనే ఉంది. వేలి నొప్పి ఎటు పోయిందో తెలియదు.

బావ బల్బు తీసి చెవి దగ్గర ఊపాడు. సంచీలోంచి కొత్త బల్బు తీసి ఎక్కించాడు. ప్లగ్గులో పెడితే వెలిగింది. ల్యాంపుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చాడు. నా పక్కన కూర్చుని, ఒక కొస నీళ్ల గొట్టానికీ, రెండోది నేను ముట్టుకోబోయిన మరకీ పెట్టాడు.

భగ్గున వెలిగింది. అటకంతా పసుపు వెలుగు పరుచుకుంది. ఆ వెలుగులో ఆయన మొహం చూశాను. పన్నెండేళ్లలో ఆయన్ని ఏడవగా చూడటం అదే మొదలు. ఒక చెయ్యి గొట్టం మీద, ఒక వేలు ఆ మర మీద. మధ్యలో ఉండేది నా గుండెకాయే.

“లైను మీట నేనే దించాను. తాళంచెవి నా జేబులోనే ఉంది” అన్నాడు మెల్లగా. “మరి ఇదెక్కడిదిరా?”

అప్పుడు గుర్తొచ్చింది. ఎడమ చేత్తో పరుపు తొలగించి, ఆ డబ్బా చూపించాను. “నిన్న ఫ్యాను చూద్దామని” అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, నాకు ఆకులు పట్టుకోవడానికి చేతులు మిగలడమే గొప్ప.

ఆయన తిట్టలేదు. వసారా లైను మీట కూడా దించి, బోర్డుకి మళ్లీ తాళం వేశాడు. ఆ లైను కట్టేశాక వంటింటి ప్లగ్గుకి వెళ్లి మొదటిది చూశాడు. పైకి వచ్చి రెండోది చూశాడు. ఆరింది. మళ్లీ వంటింటికి వెళ్లి మూడోది చూశాడు. వెలిగింది. అప్పుడే నేను కలిపిన వైర్లు విప్పి, డబ్బా మూత బిగించాడు. కింద ఆవిడ చేతులు నలుపుకుంటూ నిలబడే ఉన్నారు, కానీ ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

తరవాత పని ఎప్పటిలాగే చేశాడు. ముందు ఎర్త్ వైరు, ఆ తరవాత మిగతా రెండూ. ఒక్కో మరా బిగించి, ఒక్కో వైరూ పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. మూత వేసి, దాని మరలు నాలుగూ బిగించాడు. ఒక్క మర కూడా జేబులో మిగల్లేదు. నాలుగుకి ఐదు నిమిషాలుందనగా మీట ఎత్తితే, పడకగది గోడలోంచి చల్లటి గాలి వచ్చింది. నాలుగుంబావుకి ఆయన్ని తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు. మేం సామాను తీసుకుని బయటికి వచ్చేశాం.

వీధి చివర ఎముకల డాక్టరు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. నా వేలు అరటిపండంత అయింది. బావ నేల వైపు చూస్తూ అడిగాడు.

“ల్యాంపు మెట్టుకి తగిలినప్పుడు చప్పుడు వినపడిందా నీకు?”

అబద్ధం ఆడదామనుకున్నాను. నోరు రాలేదు. “వినపడింది బావా.”

“మరి చెప్పలేదే?”

“మళ్లీ దిగాలని.”

“నాకూ వినపడింది” అన్నాడు బావ. “ఇవాళ కాదు. ఆ రోజు. ల్యాంపు పైకి అందించింది నేనే. గోడకి తగిలి ‘టిక్’మంది. చెబితే మీ నాన్న కేకలేస్తాడని ఊరుకున్నాను. ఆయన పెట్టి చూశాడు, వెలగలేదు. చెయ్యి పెట్టాడు.”

నేను ఆయన వైపు చూడలేకపోయాను. ఎదురుగా గోడ మీద ఎముకల బొమ్మ వేలాడుతోంది. ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. కోపం రావాలి కదా, నాకున్నదే అది. రాలేదు. ఒక గంట క్రితం నేనూ అదే పని చేసి కూర్చున్నాను. ఆ ‘టిక్’ నాకు తెలుసు. దాన్ని మింగడం ఎంత సులువో కూడా తెలుసు.

“అక్కకి తెలుసా?” అన్నాను.

“పెళ్లికి ముందే చెప్పాను.”

ఇంటికి వెళ్లేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. నా వేలికి కట్టు చూసింది. బావ మొహం చూసింది.

“ఏమైంది?”

“నేనే కొట్టాను” అన్నాడు బావ.

“మూడోదా?”

ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. అక్క నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నాన్న సంగతి బావ చెప్పాడు” అన్నాను. “అంతా తెలిసి ఎలా చేసుకున్నావక్కా?”

“చెప్పాడు కాబట్టే చేసుకున్నాను” అంది. “ఎవరూ అడగలేదురా ఆయన్ని. దాచుకుంటే జన్మలో ఎవరికీ తెలిసేది కాదు. తనే వచ్చి, అమ్మ ముందూ నా ముందూ నిలబడి చెప్పాడు. అమ్మ నెల రోజులు ఆయన మొహం చూడలేదు. నేనూ చూడలేదు. తరవాత చూశాను.” నా కట్టు వైపు చూసి, “నువ్వు చెప్పావా ఇవాళ?” అంది.

“అడిగితే చెప్పాను.”

“ఇకనుంచి అడక్కుండా చెప్పు” అంది అక్క, నా చెయ్యి వదిలేసి.

ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. మర్నాడు పొద్దున, కట్టుతోనే, బావ వెనక బండెక్కి కూర్చున్నాను. అక్క టిఫిన్ డబ్బా అందించి, మూడోది మర్చిపోకండి అంది. బావ బండి స్టార్ట్ చేస్తున్నాడు. ఆయన కంటే ముందు నేనే అన్నాను, మర్చిపోనక్కా అని.